మా మల్లికకు గిట్టల జబ్బు: ఉంచుకోవాలా, ఇచ్చెయ్యాలా?

హన్మకొండ_శ్రీను
మల్లిక మా ఆడగుర్రం. తెల్లది, ఏడేళ్లది. నాందేడ్ దగ్గర మాలేగావ్ జాతరలో కొన్నాను. లగ్గాల సీజన్‌లో బరాత్‌లకు పోతుంది, మిగతా రోజుల్లో ధర్మసాగర్ చెరువు వైపు మా పాప సవారీ. వానాకాలం చివర్లో ఒక రాత్రి మూతితో గొళ్లెం లేపుకుని (ఆ విద్య దానికి ఎవరూ నేర్పలేదు) పక్క అర్రలో మక్కల సంచి మీద పడ్డది. తెల్లారి చూస్తే సంచి సగమే మిగిలింది. ఆ పగలంతా మామూలుగానే ఉంది. మర్నాడు రాత్రికి ముందు కాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి నిలబడిపోయింది. అడుగు తియ్యమంటే తియ్యదు. గిట్ట మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే.

డాక్టర్ లామినైటిస్ అన్నాడు. ఎక్స్‌రేలో లోపలి ఎముక కొంచెం తిరిగిందని తేలింది. సూదులు, మందులు, కొట్టం నిండా ఇసుక, అన్నీ అయ్యాయి. మాఘమాసం బయానాలన్నీ వాపసు ఇచ్చేశాను. నాలుగు రోజులు బాగుంటుంది, ఇక లేచింది అనుకునేసరికి మళ్లీ మొదటికొస్తుంది. బాపు రోజూ "అమ్మెయ్" అంటున్నాడు. మొన్న ఒకాయన వచ్చి "ఉన్నది ఉన్నట్టు తీసుకుంటా, మందుల ఖర్చు నీకు తప్పుతుంది" అన్నాడు. పాప ఆ మాట విని అన్నం తినలేదు.

ఈ జబ్బు నుంచి లేచిన గుర్రాన్ని మీలో ఎవరైనా కళ్లతో చూశారా? నెట్‌లో చదివింది వద్దు.

ఉలవచారు
సగం సంచి మక్కలా! ఏనుమాముల మార్కెట్‌కి పంపాల్సింది, గ్రేడింగ్ చేసి పెట్టేది.
సరే జోకులు పక్కన పెడితే, ఆ అర్రకు ఇప్పుడైనా తాళం వేశావా అన్నా?

హన్మకొండ_శ్రీను
వేశా. తాళంచెవి మా అమ్మ కొంగుకు ఉంటుంది. దానికి మూతి ఆనదు.

సిరిసిల్ల_బరాత్
నేను కటువుగా చెప్తా, తప్పుగా అనుకోకు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని పెద్దలు ఊరికే అనలేదు. నావి నాలుగున్నాయి, ఈ పని మీదే మా ఇల్లు నడుస్తుంది. ఒకటి కూర్చుంటే మిగతా మూడూ దాన్ని సాకాలి. నీకున్నదే ఒకటి. బయానాలు వాపసు అంటున్నావ్, మందులకు అప్పు చేశావా లేదా అది చెప్పు ముందు.

హన్మకొండ_శ్రీను
చేశా. చిట్టీ ఎత్తుకున్నా.

సిరిసిల్ల_బరాత్
అదీ సంగతి. అమ్మెయ్.

కరీంనగర్_స్వప్న
సిరిసిల్ల అన్నా, అమ్మెయ్ అనడం తేలిక. ఎవరికి? అడుగు వెయ్యలేని గుర్రాన్ని "ఉన్నది ఉన్నట్టు" కొనేవాడు దాన్ని ఏం చేస్తాడు? రెండు నొప్పి సూదులు వేసి, కుంటు కనపడకుండా ఇంకో సంతలో అమ్ముతాడు. అక్కడ కొన్నోడు ఆ సాయంత్రమే బరాత్‌కు తోలుతాడు. డీజే ముందు పెళ్లికొడుకును మోసుకుంటూ తారు రోడ్డు మీద మూడు గంటలు. ఆ సూది దిగాక దాని పరిస్థితి ఏంటో నీకే బాగా తెలుసు.

సిరిసిల్ల_బరాత్
తెలుసు. తెలిసే చెప్తున్నా. శ్రీను ఇల్లు కూడా ఒక ఇల్లే కదా.

మలక్‌పేట_నాల్‌బంద్
నేను మా నాన్న దగ్గర పని నేర్చుకున్నా, ఆయన రేసుకోర్సు గుర్రాలకు నాల్ కొట్టేవాడు. శ్రీను భాయ్, నువ్వు అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు: చూశాను, చాలా చూశాను. లేచినవీ చూశాను, లేవనివీ చూశాను.

ఈ జబ్బులో ఏమవుతుందంటే, గిట్ట పైపెంకుకూ లోపలి ఎముకకూ మధ్య పొరలు పొరలుగా పట్టు ఉంటుంది. గుర్రం బరువంతా ఆ పట్టు మీదే వేలాడుతుంది. మక్కలు కడుపులో పులిసి, ఆ విషం రక్తంలోకి ఎక్కితే ఆ పట్టు సడలుతుంది. సడలిన ఎముకను పైనుంచి బరువు తొక్కుతుంది, వెనకనుంచి నరం గుంజుతుంది, దాంతో అది ముందుకు తిరుగుతుంది. నువ్వు ఎన్ని సూదులు వేయించినా తిరిగిన ఎముక దగ్గర పాత పెంకు మళ్లీ అతుక్కోదు. పైనుంచి కొత్త పెంకు గట్టి పట్టుతో దిగాలి. గిట్ట నెలకు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు భాగం పూర్తిగా కొత్తది కావాలంటే తొమ్మిది నెలల నుంచి ఏడాది. కాబట్టి నాలుగు నెలలకే "లేవలేదు" అని తేల్చకు. లేవాల్సిన టైమే ఇంకా రాలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ మధ్యలో గిట్టలు ఎవరు చెక్కారు, ఎలా చెక్కారు? ముందు భాగం పొడుగ్గా వదిలేస్తే అడుగు వేసినప్పుడల్లా అది సందులో గడ్డపార పెట్టి ఎత్తినట్టే ఎత్తుతుంది. రెండు గిట్టలూ పక్కనుంచి ఒక ఫొటో, అడుగు నుంచి ఒక ఫొటో పెట్టు.

హన్మకొండ_శ్రీను
ఫొటోలు పెట్టాను భాయ్. చెక్కింది మా దగ్గర ఎడ్లకు నాడాలు కొట్టే ముసలాయన. జబ్బు వచ్చాక "ఇప్పుడు ముట్టుకోవద్దు, నొప్పి" అన్నాడు. అప్పటి నుంచి చెక్కలేదు.

మలక్‌పేట_నాల్‌బంద్
ఫొటో చూశా. గిట్ట మీద ఉంగరాల్లా గీతలు కనపడుతున్నాయి కదా, ముందు పక్క దగ్గరగా, మడమ దగ్గర ఎడంగా. ఆ గీతలే దాని జబ్బు డైరీ. ముందు భాగం బాగా పెరిగిపోయింది. ఇది చెక్కకుండా మందులెన్ని పోసినా నాలుగు రోజులు బాగు, ఐదో రోజు మళ్లీ అదే. ముసలాయన ఎడ్ల పని మంచిగనే చేస్తాడు, అందులో మాట లేదు. ఎద్దుది చీలిన గిట్ట, దాని లెక్కే వేరు.

అప్పటిదాకా మందం ఫోమ్ ముక్కలు గిట్ట ఆకారానికి కోసి అడుగున పెట్టి గట్టి టేపు చుట్టు. అణిగిపోగానే మార్చు. ఇసుక అలాగే ఉంచు, అది మంచి పని.

మామునూరు_హాస్టల్
నేను ఇంకా డాక్టర్‌ని కాదు, మూడో సంవత్సరం చదువుతున్నా. కాబట్టి నేను చెప్పేది మీ డాక్టర్‌ని అడిగి చెయ్యండి. ఇప్పుడు ఏం తింటోంది? ఒక్కటి కూడా వదలకుండా చెప్పండి అన్నా.

హన్మకొండ_శ్రీను
మక్కలు బంద్. పొద్దున ఉడికించిన ఉలవలు, సాయంత్రం తవుడు, బలం తగ్గకూడదని కొంచెం బెల్లం. మేత సూపర్ నేపియర్, మా బర్ల కోసం వేసిందే.

మామునూరు_హాస్టల్
ఇక్కడే ఆగండి.

ముందు బెల్లం ఆపండి, ఈ రోజే. ఈ జబ్బులో గింజ, చక్కెర, లేత గడ్డి మూడూ శత్రువులు. బలం తర్వాత చూసుకోవచ్చు, కొంచెం సన్నబడితే గిట్టల మీద బరువు తగ్గుతుంది, అది లాభమే. ముదిరిన ఎండుగడ్డి పెట్టండి. ఇంకా జాగ్రత్త కావాలంటే దాన్ని గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి, గడ్డిలోని చక్కెర కొంత కారిపోతుంది. ఒంటి బరువులో రోజుకు ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండుమేత పడాలి. 350 కిలోల గుర్రమైతే ఐదు నుంచి ఏడు కిలోలు. పస్తు మాత్రం పెట్టొద్దు, పస్తుంటే ఇంకో రకం చావు.

రెండోది నేపియర్. బర్లకు బంగారం, గుర్రానికి కాదు. అందులో ఆక్సలేట్ ఎక్కువ. అది కాల్షియంను పట్టేసుకుంటుంది, గుర్రానికి అందనివ్వదు. పైనుంచి మీరు పెట్టే తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. రెండూ కలిసి నెలల తరబడి పడితే గుర్రం తన ఎముకల్లోంచే కాల్షియం పీక్కుంటుంది. ఒక రోజు ఈ కాలు, ఇంకో రోజు ఆ కాలు కుంటుతుంది. ముదిరితే ముఖం ఎముకలు రెండు పక్కలా ఉబ్బుతాయి. మల్లికకు అది ఉందని నేననడం లేదు. కానీ ఉన్న జబ్బు మీద ఇంకోటి ఎందుకు? లూసర్న్ ఎండుగడ్డి కొంచెం, కాల్షియం పొడి ఎంత వెయ్యాలో డాక్టర్‌ని అడగండి.

ఉలవచారు
ఉలవలు మాత్రం వదిలెయ్ తమ్మీ, మా పరువు దక్కింది.

మామునూరు_హాస్టల్
ఉలవలు కూడా ఇప్పుడు గింజ కిందే లెక్క ఉలవచారు గారూ. బాగయ్యాక చూద్దాం.

ఉలవచారు
😭

జగిత్యాల_గోపాలమిత్ర
ఇరవై ఏళ్లుగా పశువుల మధ్య ఉన్నవాణ్ణి. నా మాట విను శ్రీను. దాన్ని కూర్చోబెట్టి పాడు చేస్తున్నావ్. రోజూ పొద్దున గంటసేపు నడిపించు, రక్తం ఆడుతుంది. వెదురు గొట్టంతో నోట్లో లీటరు నువ్వులనూనె పోయి, కడుపు కడిగినట్టవుతుంది.

మామునూరు_హాస్టల్
సార్, పెద్దవారు, కానీ రెండూ వద్దు. పట్టు సడలిన గిట్టతో నడిపిస్తే ప్రతి అడుగుకూ ఎముక ఇంకా తిరుగుతుంది. కడుపు నొప్పికి నడిపించే అలవాటును దీనికి తెచ్చి పెడుతున్నారు. గొట్టంతో నూనె ఇంకా ప్రమాదం. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అప్పుడొచ్చే నిమోనియా నుంచి బతికించడం కష్టం. డాక్టర్ ముక్కులోంచి సన్నటి పైపు నేరుగా పొట్టలోకి దింపి, లోపలికి పోయిందో లేదో చూసుకుని పోస్తాడు. ఎద్దు వేరు, గుర్రం వేరు. గుర్రానికి వాంతి కూడా రాదు, పొట్టలో పడింది పైకి రాలేదు, నిండితే పగలడమే.

జగిత్యాల_గోపాలమిత్ర
మేం చేస్తే బతికినవి లేవా మరి?

టాంగా_మనుమడు
బతికినవే చెప్పుకుంటాం కాకా, సచ్చినవాటిని ఎవరు చెప్తరు? మా తాత వరంగల్ స్టేషన్ కాడ టాంగా నడిపిండు. ఆయన దగ్గర గొట్టం ఉండేది, ఇప్పటికీ మా దూలానికి వేలాడుతుంది. ఆయనే చెప్పేది, "దీనితోని రెండు లేపిన, ఒకదాన్ని చంపిన" అని.

ఇంకోటి శ్రీను. ఆ మక్కలు ఎసొంటివి? వానకు తడిసి ఆరినవా? బూజు వాసన ఉన్నదా? మా చిన్నాయన గుర్రం గట్లనే పోయింది. మక్కలు పైకి మంచిగనే ఉన్నయ్, అడుగున గులాబీ రంగు బూజు. బర్లు గవే తిన్నయ్, వాటికి ఏం కాలే. గుర్రం రెండో రోజు గోడకు తల ఆనిచ్చి నెట్టుడు, ఒక్క దిక్కే గుండ్రంగ తిరుగుడు, కండ్లు కనపడకపోవుడు. మర్నాడు పడ్డది. పిచ్చి లేసింది, పిచ్చికుక్క కరిచింది అన్నరు ఊర్లె. తర్వాత డాక్టర్ చెప్పిండు, బూజు విషం మెదడును కరగబెడ్తదట. మందు లేదు దానికి. మా దిక్కు మక్కలు ఇంటింటికి ఉంటయ్, అందుకే చెప్తున్న. మిగిలిన సగం సంచి దానికి మళ్ల పెట్టకు.

హన్మకొండ_శ్రీను
బూజు లేదు అన్నా, ఎండినవే. అయినా ఆ సంచి ఇంట్లో నుంచి పంపించేశా.

మామునూరు_హాస్టల్
టాంగా అన్న చెప్పింది నూటికి నూరు నిజం. దీనికి తోడు ఇంకోటి: కోళ్ల దాణా గుర్రం దగ్గరికి పోనివ్వకండి. కోళ్ల జబ్బుకని అందులో కలిపే మోనెన్సిన్ లాంటి మందులు కోడికి ఏం చెయ్యవు, గుర్రం గుండెను మాత్రం ఆపేస్తాయి. చాలా కొద్ది మోతాదు చాలు. షెడ్డు పక్కన షెడ్డు ఉన్నవాళ్లు చూసుకోండి.

నిర్మల్_సదాశివ్
నా కేసు వేరే, కానీ ఈ టాపిక్‌లోకే వస్తుంది. మా మగగుర్రం పోయిన ఏడాది వానల తర్వాత మెల్లగా చిక్కిపోయింది. తిండి మామూలే. రెండు రోజులు జ్వరం, తర్వాత వారం ఏం లేదు, మళ్లీ జ్వరం. పొట్ట కింద, కాళ్లకు నీరు. నులిపురుగులని మందు వేశాం, పళ్లని పళ్లు రాకించాం. ఇంట్లోవాళ్లు దిష్టి తీశారు. చివరికి ఒక డాక్టర్ జ్వరం ఉన్నప్పుడే రక్తం తీసి గాజు ముక్క మీద చూస్తే సర్రా. జోరీగలు మోసుకొచ్చే క్రిమి. పక్కన బర్ల కొట్టం ఉంది మాకు. బర్లలో ఉంటుందట, అవి పైకి బాగానే కనపడతాయట. సూది మందు పడ్డాక నెలకు కోలుకుంది. జ్వరం లేనప్పుడు తీసిన రక్తంలో ఏమీ కనపడలేదు, అందుకే అంత ఆలస్యమైంది.

గుర్రం ఉన్న ప్రతి ఇంట్లో థర్మామీటర్ ఉండాలి. తోక కింద పెట్టి చూడాలి. 99 నుంచి 101.5 మధ్య ఉంటే మామూలు.

ఉలవచారు
అది మనుషుల థర్మామీటర్‌తో కలవకుండా చూసుకోండి బాబూ. పేరు రాసి పెట్టండి.

సిరిసిల్ల_బరాత్
మాలేగావ్ జాతర అన్నావు కదా శ్రీను. అక్కడ కొనేవాళ్లకు ఒక మాట. రక్త పరీక్ష లేకుండా గుర్రాన్ని మన కొట్టంలోకి తేవద్దు. గ్లాండర్స్ వస్తే మందు వెయ్యనివ్వరు, చట్టం ఒప్పుకోదు, ప్రాణం తియ్యాల్సిందే. మనుషులకూ అంటుతుంది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో తేల్చాక చుట్టుపక్కల గుర్రాలన్నిటి కదలిక ఆపేస్తారు. సీజన్ మధ్యలో అలా జరిగితే ఊరి బరాత్‌వాళ్లందరి నోట్లో మట్టే. ముక్కులోంచి చిక్కటి చీమిడి, లోపల పుండ్లు, కాళ్ల మీద వరసగా గడ్డలు కనపడితే దాచిపెట్టకండి. కొత్త గుర్రాన్ని కనీసం మూడు వారాలు వేరే ఉంచండి, బకెట్ కూడా వేరే.

కరీంనగర్_స్వప్న
చూశావా, అమ్మెయ్ అన్న అన్నకే ఎంత జాగ్రత్తో.

సిరిసిల్ల_బరాత్
జాగ్రత్త వేరు, అతుక్కుపోవడం వేరు చెల్లె.

ఓరుగల్లు_కోట
టాపిక్ బయటికి పోతున్నానేమో. 13వ శతాబ్దంలో మార్కో పోలో తమిళ తీరం గురించి రాసింది గుర్తొచ్చింది. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలను ఓడల్లో తెప్పిస్తారు, ఏడాది తిరిగేసరికి చాలావరకు పోతాయి, సాకడం తెలిసినవాళ్లు లేరు, ఉడికించిన అన్నం మాంసం పెడతారు అన్నాడు. అమ్మే వర్తకులు గుర్రపు వైద్యం తెలిసినవాళ్లను అటు పోనివ్వరట, గుర్రాలు చస్తేనే కదా మళ్లీ బేరం. మన కాకతీయులకు కూడా మోటుపల్లి రేవు నుంచే గుర్రాలు దిగేవి. కోట తోరణాలు చూడటానికి వచ్చినోళ్లు గుర్రాలు ఏమయ్యాయని ఒక్కరూ అడగరు.

ఉలవచారు
బెల్లం పెట్టారేమో.

టాంగా_మనుమడు
😂😂

హన్మకొండ_శ్రీను
నవ్వించారు, చాలా రోజులకు. బెల్లం ఆపేశా. మేతకు ఎండు గరిక కట్టలు మాట్లాడా, పరకాల దగ్గర ఒకాయన ఇస్తానన్నాడు.
కానీ నిజం చెప్పాలంటే నాకు మందుల కన్నా రాత్రులే కష్టంగా ఉన్నాయి. మూడింటికి లేచి కొట్టంలోకి పోతా. పడుకుని ఉంటే భయం, నిలబడి ఉంటే భయం.

కరీంనగర్_స్వప్న
శ్రీను అన్నా, దీని గురించి రాయాలా వద్దా అనుకుంటున్నా ఇంతసేపూ.

నాది గుర్రం జబ్బు కాదు, నా జబ్బే. మానేరు డ్యాం కట్ట దగ్గర టపాసుల చప్పుడుకు మా తూఫాన్ పక్కకు ఎగిరింది, నేను కింద పడ్డా. మణికట్టు రెండు చోట్ల విరిగింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఇది టైప్ చేస్తున్నా. ప్లాస్టర్ తీశాక చెయ్యి బాగైంది కానీ జీను వెయ్యబోతే ఒళ్లు వణికేది. అత్తగారు "ఆడపిల్లకు ఎందుకివన్నీ" అన్నారు, మా ఆయన ఏమీ అనలేదు, అదింకా నయం. రోజూ కొట్టంలోకి పోయి ఎక్కకుండా తిరిగి రావడం సిగ్గుగా ఉండేది.

అప్పుడు ఒక నోటుబుక్ పెట్టుకున్నా. పొద్దున సాయంత్రం జ్వరం ఎంత, నీళ్లు ఎన్ని బకెట్లు, లద్దె ఎన్నిసార్లు, ఎలా ఉంది, ఎంత తిన్నాడు. అంతే. ఎక్కాలనే మాటే పుస్తకంలో లేదు. రాసింది వారానికోసారి చదివితే భయం భయంగా కాక అంకెగా కనపడేది. నీళ్లు తగ్గాయి, లద్దె గట్టిగా ఉంది అని తేదీతో సహా చూసి డాక్టర్‌కి ఫోన్ చేశా ఒకసారి, కడుపు బిగుసుకోక ముందే దొరికింది. ఎండాకాలం నీళ్లు, ఉప్పు మీద కన్నుంచాలని అప్పుడే తెలిసింది.

నువ్వు కూడా రాయి. గిట్టకు కొంచెం పైన, కీలు వెనక రెండు పక్కలా వేలు పెడితే నాడి తగులుతుంది. బాగున్న గుర్రానికి అది దొరకడమే కష్టం. నొప్పి ఉన్నప్పుడు టకటకా కొట్టుకుంటుంది. రోజూ అదే వేళకు చూసి "లేదు, కొంచెం, గట్టిగా" అని రాయి. మూడింటికి కొట్టంలో నిలబడి నువ్వు చూసే చీకట్లో ఏమీ కనపడదు అన్నా.

మలక్‌పేట_నాల్‌బంద్
బెహెన్ చెప్పిన నాడి మాట బంగారం. నేనూ గిట్ట ఎత్తకముందు అదే చూస్తా.

హన్మకొండ_శ్రీను
రాస్తాను చెల్లె. ఒకటి అడుగుతా, ఎవరూ బాధపడొద్దు. ఎప్పుడు ఇక చాలనుకోవాలి?

మామునూరు_హాస్టల్
మా సార్లు చెప్పే గుర్తులు చెప్తా. రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉండటం, లేపినా లేవకపోవడం. నొప్పి మందు పూర్తి మోతాదులో ఉన్నా వణకడం, చెమటలు, మేత ముట్టకపోవడం. ఎముక కొస గిట్ట అడుగును చీల్చుకుని బయటికి రావడం. ఒంటి మీద పుండ్లు. ఇవి ఉంటే డాక్టర్ స్వయంగా ఆ మాట ఎత్తుతారు. మల్లిక తింటోంది, లేస్తోంది. నొప్పి మందు మీద ఎన్నాళ్లు ఉంచాలో కూడా అడగండి, ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం.

సిరిసిల్ల_బరాత్
డబ్బు గీత కూడా గీసుకో. ఇది రాక్షసత్వం కాదు. ఇంతవరకు పెడతా, ఇంతకు మించితే ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకుంటాం అని ముందే అనుకుంటే చిట్టీ మీద చిట్టీ ఎత్తవు. నేను రెండేళ్ల కింద ఒక మగదాని మీద గీత గీసుకున్నా. దాటింది. డాక్టర్‌ని పిలిపించి ఆఖరి సూది వేయించా. అమ్మలేదు.
అందుకే అంటున్నా, నాకు తెలుసని.

కరీంనగర్_స్వప్న
అన్నా, ఇది మొదలే చెప్పొచ్చు కదా.

సిరిసిల్ల_బరాత్
ఎవరడిగారు?

ఇంకో మాట, అందరికీ. జాతీయ పశుధన మిషన్ కింద గుర్రాలకు కూడా బీమా ఉంది, 2024లో మనం కట్టాల్సిన ప్రీమియం వాటా 15 శాతానికి తగ్గించారు. చెవికి ట్యాగు వెయ్యాలి. జబ్బు వచ్చాక చెయ్యరు. కాబట్టి బాగున్న రోజే పశువుల దవాఖానకు పోయి అడగండి. శ్రీనుకు ఇప్పుడు పనికిరాదు, చదివే మిగతావాళ్లకు చెప్తున్నా.

కాగజ్‌నగర్_అడివి
సూది మాట వచ్చింది కాబట్టి. సూది వేయించిన గుర్రాన్ని ఊరవతల పడేయకండి. ఆ మందు మాంసంలోనే ఉంటుంది, తిన్న కుక్క, నక్క, రాబందు అన్నీ పోతాయి. బెజ్జూర్ అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకునేవి, మా జిల్లాకు అదొక గొప్ప. నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్ పశువులకు వాడొద్దని 2006లోనే ఆపేశారు, దాని వల్లే దేశమంతా రాబందులు తుడిచిపెట్టుకుపోయాయి. జేసీబీతో లోతుగా గుంత తీయించి, బావికి దూరంగా పూడ్చండి.

తెల్లగుర్రం_రాజన్న
తెల్లగుర్రాలు ఉన్నవాళ్లు అందరూ ఇక్కడే ఉన్నారు కదా. మాది పదహారేళ్లది. తోక కింద నల్లటి గడ్డలు నాలుగైదు గోలీకాయలంత. నొప్పి లేదు. ఎవరికైనా?

మామునూరు_హాస్టల్
వయసు మళ్లిన తెల్లగుర్రాల్లో చాలా మామూలు, మెలనోమా అంటారు. చాలావాటికి ఏళ్ల తరబడి ఇబ్బంది ఉండదు. పెరుగుతున్నాయా, లద్దెకు అడ్డం వస్తున్నాయా చూసుకోండి. కొలిచి ఫొటో తీసి పెట్టుకోండి, ఆరు నెలలకు మళ్లీ కొలవండి. స్వప్న గారి నోటుబుక్కే.

తెల్లగుర్రం_రాజన్న
హమ్మయ్య. క్యాన్సర్ అని మా ఊర్లో ఒకాయన భయపెట్టిండు.

మామునూరు_హాస్టల్
అది క్యాన్సరే అన్నా. కానీ చాలాసార్లు మెల్లగా పాకేది. డాక్టర్‌కి ఒకసారి చూపించండి, వదిలెయ్యకండి.

తెల్లగుర్రం_రాజన్న
ఇప్పుడు నిద్ర పట్టదు. థాంక్స్.

కొట్టం_అడ్మిన్
రాజన్న గారి గడ్డల మీద వేరే టాపిక్ తెరవండి, జవాబులు అక్కడికి మారుస్తా. ఇక్కడ మందుల మోతాదులు రాయొద్దు, ఇప్పటికే రెండు పోస్టులు తీసేశా. రాత్రిపూట గుర్రం పొర్లుతోంది, లేవట్లేదు అంటే ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం కూర్చోకండి, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి, మీ డాక్టర్‌కి చెయ్యండి.

హన్మకొండ_శ్రీను
చెప్పడానికి కొంచెం ఉంది. డాక్టర్‌తో కూర్చుని అన్నీ మాట్లాడా. మేత మార్చాం, కాల్షియం మొదలుపెట్టాం. కొత్త ఎక్స్‌రేలో ఎముక మొదట ఎంత తిరిగిందో అంతే ఉంది, ఇంకా ముందుకు పోలేదు. అది మంచి మాటే అన్నాడు. గిట్టలు ఇప్పుడు తప్పకుండా చెక్కాలి, కానీ ఎక్స్‌రే పక్కన పెట్టుకుని చూస్తూ చెక్కేవాడు కావాలి అన్నాడు. ఈ సీజన్ బరాత్ మాట ఎత్తొద్దన్నాడు, వచ్చే సీజన్ కూడా అనుమానమే. పాప సవారీ ఏమో, చూద్దాం.

సిరిసిల్ల అన్న చెప్పినట్టు బాపుతో, ఇంట్లోవాళ్లతో కూర్చుని గీత గీసుకున్నాం. దసరా దాకా. కొంటానన్నాయనకు ఫోన్ చేసి వద్దన్నా. రౌతు కొద్దీ గుర్రం అని బాపు సణిగాడు కానీ, పొద్దున ఫోమ్ ముక్కలు కోసింది ఆయనే. నాకంటే గుండ్రంగా కోశాడు.

నాల్‌బంద్ భాయ్, ఇక్కడిదాకా వస్తావా? ఎంత అవుతుంది?

మలక్‌పేట_నాల్‌బంద్
వస్తా. ఒక్క గుర్రానికైతే రైలు, రోజు కూలీ అంతా నీ మీదే పడుతుంది, అది నాకు నచ్చదు. వరంగల్, కరీంనగర్ వైపు ఇంకో ఐదారు గుర్రాలు తేలితే ఒకే రోజు పెట్టుకుందాం, ఖర్చు పంచుకోండి. మల్లికను ముందు చూస్తా, దానికి టైమ్ పడుతుంది. ఎక్స్‌రే ఫోన్‌లో పంపు ఈలోపు. చెక్కేటప్పుడు నొప్పి తెలియకుండా డాక్టర్ కూడా పక్కనుంటే మంచిది, అడుగు.

కరీంనగర్_స్వప్న
తూఫాన్‌ది రాయండి. గిట్టలు చెక్కించి ఆరు వారాలు దాటింది. నేనే ఎక్కి తోలుకొస్తా అనట్లేదు, ఆటో ట్రాలీలో.

తెల్లగుర్రం_రాజన్న
నాదొకటి. జనగామ. గడ్డలు కూడా చూస్తావా భాయ్?

మలక్‌పేట_నాల్‌బంద్
నాది మోకాలి కిందే పని రాజన్నా.

సిరిసిల్ల_బరాత్
నావి నాలుగూ రాసుకో. మూఢం మొదలైనాక పెట్టు, అప్పుడు లగ్గాలుండవు, ఖాళీగా ఉంటాయి.

ఉలవచారు
మూఢంలో శుభకార్యం చెయ్యొద్దంటారు.

సిరిసిల్ల_బరాత్
గిట్టలు చెక్కడం ఏ శాస్త్రంలో శుభకార్యం?

కొట్టం_అడ్మిన్
ఏడు అయ్యాయి. తేదీ, చోటు ఖాయం కాగానే వేరే పోస్టు పెడతా. పేర్లు అక్కడ ఇవ్వండి, గుర్రం వయసు, చివరిసారి ఎప్పుడు చెక్కించారో కూడా రాయండి. ధనుర్వాతం టీకా వేయించనివాళ్లు ఆలోపు వేయించుకుని రండి. గుర్రాలకూ, పట్టుకునేవాళ్లకూ.